మూడు గోడల ఇల్లు

నవల గొప్పదా, ఆ నవలను బట్టి తీసిన సినిమా గొప్పదా? నేను ఉపాధ్యాయుడుగా ఉన్న కాలమున ప్రతి సంవత్సరమును ఎవరో ఒక విద్యార్థి ఈ ప్రశ్న అడుగుచునే ఉండెడివాడు. అడిగినంతనే తరగతి రెండు పక్షములుగా చీలిపోయెడిది. పుస్తకమే గొప్పదని కొందరును, సినిమాయే బాగున్నదని కొందరును గొంతెత్తి వాదించెడివారు. అప్పుడు నేను ఒకే ఒక ప్రశ్న వేసెడివాడను. "మీలో ఆ పుస్తకమును మొదటి పుట నుండి చివరి పుట వరకు చదివినవారు ఎందరు?" తరగతి నిశ్శబ్దమయ్యెడిది. పైకి లేచిన చేతులు ఒకటో, రెండో. పుస్తకమే గొప్పదని బిగ్గరగా పలికిన వారిలోనే పెక్కురు తలలు వంచుకొనెడివారు.

వారిపై నాకెన్నడును కోపము రాలేదు. వారికంటె నాలుగేండ్లు పెద్దవాడనై యుండియు నేను ఆ తప్పే చేసితిని. అంతేకాదు, ఆ తప్పును కప్పిపుచ్చుకొనుటకై మా నాయనగారి మనస్సు నొప్పించితిని. ఆ సంగతి చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేడు ఉప్పల్ అనగానే క్రికెట్ మైదానము, ఎత్తైన భవనములు, 2017 నుండి నడుచుచున్న మెట్రో రైలు గుర్తుకు వచ్చును. నా చిన్ననాట ఉప్పల్ హైదరాబాదునకు తూర్పున నున్న ఒక పెద్ద పల్లె వంటిది. ఊరు దాటగానే చేలు కనబడెడివి. దానికి ఉత్తరముగా నాచారము. అచట ఒక్కొక్కటిగా కర్మాగారములు లేచుచుండెను. ఆ నాచారములోనే నందమూరి తారక రామారావుగారు 1970 దశకమున రామకృష్ణా స్టూడియోను నెలకొల్పిరి. అంతకు ముందు తెలుగు చలనచిత్రములలో అధిక భాగము మద్రాసు నగరముననే తయారగుచుండెడివి. స్టూడియో వచ్చిన తరువాత మా వాడలోని వడ్రంగులకును, రంగులు వేయువారికిని, కూలివారికిని కొత్త పని దొరకెను. అట్లు పని దొరకిన వారిలో మా నాయనగారు ఒకరు.

ఆయన పుట్టువడ్రంగి. ఉలి పట్టినను, చిత్రిక పట్టినను ఆయన చేతిలో కొయ్య మెత్తబడినట్లు తోచెడిది. చదువు మాత్రము రాలేదు. జీతపు పుస్తకములో వేలిముద్ర వేసెడివారు. సినిమాలకు కావలసిన మహలులు, గుడులు, గుడిసెలు కట్టు బృందములో ఆయన పని చేసెడివారు. రాత్రి ఇంటికి వచ్చి, "ఇయ్యాల ఒక కోట కూలగొట్టినం, రేపు ఒక బడి కట్టాలె" అని నవ్వుచు చెప్పెడివారు.

పుస్తకములపై మా వాడవారి అభిప్రాయములను నేను మొట్టమొదట వినినది 1976లో. అప్పుడు నాకు పదునాలుగేండ్లు. మా వీధి మొగలో అద్దెకు నవలలిచ్చు చిన్న దుకాణమొకటి ఉండెను. రోజునకు పది పైసలు అద్దె. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' నవల ఆ దుకాణములో ఒక్కనాడైనను ఖాళీగా ఉండెడిది కాదు. చదువు వచ్చిన పొరుగింటి అక్క ఒకతె మధ్యాహ్నము పూట మా అరుగుమీద కూర్చుండి ఆ నవలను పైకి చదువుచుండగా మా అమ్మయు, మరి నలుగురైదుగురు స్త్రీలును బియ్యములో రాళ్ళు ఏరుచు వినెడివారు. నేనును గోడకు ఆనుకొని వింటిని.

ఆ సంవత్సరమే ఆ నవల చలనచిత్రముగా వచ్చెను. కె. ఎస్. ప్రకాశరావుగారు దర్శకులు. నాయకుడైన రాజశేఖరముగా అక్కినేని నాగేశ్వరరావుగారు, జయంతిగా వాణిశ్రీగారు నటించిరి. అరుగుమీది స్త్రీలందరును బస్సెక్కి నగరమునకు పోయి సినిమా చూచి వచ్చిరి. మరునాటి మధ్యాహ్నము చదువుటకు పుస్తకము లేదు. వాదము మాత్రము జరిగెను. "నేను అనుకున్న రాజశేఖరం ఈయన కాదు" అని ఒకామె అనెను. "ఈయన కాకపోతే ఇంకెవరున్నరు?" అని మరొకామె అడ్డుపడెను. చదివి వినిపించిన అక్క, నవలలోని మాటలు కొన్ని సినిమాలో రాలేదని చిన్నబోయెను. మా అమ్మ చాలసేపు ఏమియు పలుకలేదు. చివరకు, "వినేటప్పుడు నా కండ్లకు ఒక మొగం కనిపించేది. ఇప్పుడు ఎంత యాది చేసుకున్నా నాగేశ్వరరావే కనిపిస్తుండు. ఆ మొగం ఏడ పోయిందో!" అనెను. ఆ మాటకు అందరును నవ్విరి. నేనును నవ్వితిని. అందలి లోతు నాకు అప్పుడు తెలియలేదు.

నాలుగేండ్లు గడచినవి. నేను ప్రాచ్యభాషల కళాశాలలో చేరి, తెలుగు పండితుడను కావలెనని చదువుచుంటిని. నాలుగు పద్యములు కంఠస్థములగుటతోడనే నాకు గర్వము కూడ అబ్బెను. అద్దె నవలలను చూచి పెదవి విరచుట నేర్చుకొంటిని. ఆ రోజులలో చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము నుండి విశ్వనాథ సత్యనారాయణగారి 'ఏకవీర'ను ఇంటికి తెచ్చితిని. నాయక రాజులు ఏలుచున్న కాలమున మధుర నగరములో జరిగిన కథ అది. సేతుపతి, వీరభూపతి ప్రాణమిత్రులు. సేతుపతి ప్రేమించినది మీనాక్షిని. పెండ్లాడవలసి వచ్చినది ఏకవీరను. వీరభూపతి ప్రేమించినది ఏకవీరను. పెండ్లాడవలసి వచ్చినది మీనాక్షిని. ఒకరి బాధ మరొకరికి తెలియదు. నలుగురి హృదయములలో నడచు సంఘర్షణమే ఆ నవలకు ప్రాణము.

కథ నన్ను ఆకర్షించెను గాని, వాక్యములు కొన్ని నాకు కొరుకుడు పడలేదు. మధ్య భాగమున నలుబది, ఏబది పుటలు దాటవేసి, చివరి అధ్యాయము చదివి, పుస్తకమును మూసివేసితిని. మిత్రులతో మాత్రము, "ఏకవీర చదివితిని" అని చెప్పుకొంటిని.

కొన్ని దినములకు ఆ నవలను బట్టి 1969లో తీసిన చలనచిత్రము నగరములో ఉదయపు ఆటగా మరల వచ్చెను. సి. ఎస్. రావుగారు దర్శకత్వము వహించిన ఆ చిత్రములో తారక రామారావుగారు సేతుపతిగాను, కాంతారావుగారు వీరభూపతిగాను నటించిరి. ఏకవీర కె. ఆర్. విజయగారు, మీనాక్షి జమునగారు. సంభాషణములు వ్రాసినవారు సి. నారాయణరెడ్డిగారు. నవల వ్రాసిన విశ్వనాథవారికి 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును, నారాయణరెడ్డిగారికి 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును లభించినవి. కనుక ఒకే కథకు ఇద్దరు జ్ఞానపీఠ గ్రహీతల మాటలు అమరినవన్నమాట. రామారావుగారు విజయవాడ కళాశాలలో విశ్వనాథవారి శిష్యులు కూడ.

మా నాయనగారికి ఆ నాడు పని లేదు. ఇద్దరమును కలిసి ఆ చిత్రము చూచితిమి. తిరిగి వచ్చునప్పుడు బస్సులో ఆయన, "బాగున్నది కదా!" అనిరి. నేను వెంటనే, "ఏం బాగున్నది నాయినా! విశ్వనాథవారి నవలను పూర్తిగా చెడగొట్టినరు" అంటిని. ఆయన నా వైపు ఆసక్తితో తిరిగి, "అట్లనా? ఏడ చెడగొట్టిండ్రో జెర చెప్పు బిడ్డా" అని అడిగిరి. ఆ అడుగుటలో ఎత్తిపొడుపు ఏ మాత్రమును లేదు. నిజముగా తెలిసికొనవలెననియే అడిగిరి.

నేను చెప్పలేకపోతిని. ఏ ఘట్టమును తలచుకొన్నను, అది నవలలో ఎట్లున్నదో నాకు తెలియదు. నేను దాటవేసిన పుటలలోనే అది ఉండవచ్చును. నిజము ఒప్పుకొనుటకు నా గర్వము అడ్డము వచ్చెను. "చదువు రానోళ్ళకు ఇవన్నీ ఏం తెలుస్తయి!" అని విసుగుతో అంటిని.

ఆయన మరేమియు అడుగలేదు. కిటికీ వైపు ముఖము త్రిప్పుకొనిరి. ఉప్పల్ చేరువరకు మా నడుమ మాట లేదు. ఆ రాత్రి ఆయన ఎప్పటివలెనే భోజనము చేసి, ఎప్పటివలెనే పనిముట్లకు నూనె రాచి పెట్టుకొనిరి. నాకు మాత్రము నిద్ర పట్టలేదు. ఆ మాటకు కొట్టినను, తిట్టినను నా బరువు కొంత దిగియుండెడిది.

తరువాతి ఆదివారము ఆయన, "నాతోని నాచారం దాక వస్తవా?" అని పిలిచిరి. స్టూడియోలో ఆ నాడు చిత్రీకరణ లేదు. కావలివానితో చెప్పి నన్ను లోపలికి తీసికొనిపోయిరి. ఎదుట ఒక గొప్ప మహలు! నల్లరాతి స్తంభములు, వాటిపై లతలు, ఏనుగుల తలలు, పైన బంగారు రంగు అంచు. నేను నోరు తెరచి చూచుచుంటిని. ఆయన నా చేయి పట్టుకొని వెనుకకు నడిపించిరి. వెనుక స్తంభము లేదు, రాయి లేదు. పచ్చి చెక్కలు, గోనెపట్టలు, ప్లాస్టర్ మరకలు, అడ్డముగా నిలిపిన వాసములు, వందల కొలది మేకులు. మహలుకు మూడు గోడలే కలవు.

"నాలుగో గోడ ఏది నాయినా?" అని అడిగితిని.

"ఆడ కెమెర ఉంటది. దాని ఎనుక నువ్వుంటవ్" అనిరి. పిదప ఒక స్తంభమునకు వీపు ఆనించి కూర్చుండి, మెల్లగా చెప్పిరి. "పుస్తకం రాసేటాయన 'గొప్ప మహలు' అని రెండు మాటలు రాస్తడు. సదివేటోడు తనకు తోచిన మహలు కట్టుకుంటడు. మాకు అట్ల నడువదు. స్తంభాలు ఎన్ని, ఎంత ఎత్తు, ఏం రంగు అన్నీ తేల్చాలె. ఆయన రాయనియి గూడ మేం కట్టాలె. ఇరువై మందిమి పది దినాలు పని చేస్తే ఆ రెండు మాటలైతయి. ఒక్కోసారి మంచిగ కుదురుతది, ఒక్కోసారి కుదరదు. నువ్వు సినిమ బాగలేదను బిడ్డా, తప్పు లేదు. నేను కట్టిన దాన్ని గూడ బాగలేదను. కానీ ఏ మేకు వంకరగ దిగిందో చూపెట్టి అను."

నా కండ్లలో నీరు తిరిగెను. "నాయినా, నేను ఆ పుస్తకం మొత్తం చదువలేదు" అని చెప్పితిని. ఆయన నవ్వి, "ఇంతేనా! అయితే ఇద్దరం ఒక్కటే. నాకు సదివి ఇనిపియ్యి, నువ్వు గూడ సదివినట్టైతది" అనిరి.

మరల గ్రంథాలయమునకు పోయి ఏకవీరను తెచ్చితిని. ప్రతి రాత్రియు భోజనమైన తరువాత లాంతరు దగ్గర కూర్చుండి పైకి చదివితిని. అర్థము కాని మాటకు నిఘంటువు చూచి, మా మాటలలో చెప్పవలసి వచ్చెను. దాటవేయుటకు వీలులేదు. వినువాడు ఎదుట కూర్చుండెను కదా! అట్లు చదువగా, ముందు నాకు కొరుకుడు పడని పుటలలోనే నవల ఆయువుపట్టు ఉన్నదని తెలిసెను. మనస్సు ఒక అడుగు ముందుకు వేసి రెండడుగులు వెనుకకు పోవుట, కర్తవ్యమునకును కోరికకును నడుమ నలుగుట, ఇవన్నియు ఆ పుటలలోనే ఉన్నవి. అట్టి ఘర్షణ పుస్తకములో పుటల కొలది సాగును. తెరమీద అది ఒక చూపులోనో, ఒక పాటలోనో, ఒక మౌనములోనో ఇమడవలెను. ఇముడ్చుట ఎంత కష్టమో మూడు గోడల మహలును చూచిన తరువాత నాకు అర్థమైనది.

చివరి పుట ముగిసిన రాత్రి మా నాయనగారు చాలసేపు మౌనముగా ఉండిరి. "ఒక్కడు ఒక్క మాట ముందుగాల చెప్పుంటే ఇంత గోస లేకుండె" అనిరి. చెప్పినచో ఆ పాత్రలు ఆ పాత్రలు కావని నేను వాదించితిని. ఆయన ఒప్పుకొనలేదు. అర్ధరాత్రి వరకు మాటలాడుకొంటిమి. చదువు వచ్చినవాడు, రానివాడు అను భేదము ఆ రాత్రి మా నడుమ లేదు. పండుకొనబోవుచు ఆయన ఇట్లనిరి. "సినిమల మధురను ఎవరో కట్టిండ్రు. ఇది నువ్వు సదువుతుంటే నేనే కట్టుకున్న. ఒక్క మేకు ఖర్చు గాలే!"

నాలుగేండ్ల క్రిందట మా అమ్మ అన్న మాట అప్పుడు నాకు బోధపడెను. ఆమె పోగొట్టుకొన్న ముఖము ఆమె స్వయముగా కట్టుకొన్నది. చిత్రములోని ముఖము ఎంత అందమైనదైనను, అది ఇతరులు కట్టి యిచ్చినది. ఇచ్చినదానిని ఆమె సంతోషముతోనే తీసికొనెను. తనదానిని మాత్రము మరువలేకపోయెను.

ఇట్టి బాధ పాఠకులకే కాదు, రచయితలకును కలుగును. ఆర్. కె. నారాయణ్ గారు 1958లో ఆంగ్లమున 'గైడ్' నవల ప్రచురించిరి. దానికి సాహిత్య అకాడెమీ బహుమానము లభించెను. ఆ కథ మాల్గుడి అను ఊరిలో జరుగును. ఆ ఊరు ఏ పటములోను లేదు; దక్షిణ దేశపు చిన్న పట్టణములను చూచి ఆయన ఊహించుకొన్నది. 1965లో ఆ నవల హిందీ చిత్రముగా వచ్చినప్పుడు చిత్రీకరణమునకు రాజస్థానము వంటి ప్రదేశములను ఎన్నుకొనిరి. చిత్రము గొప్ప పేరు పొందెను. నారాయణ్ గారికి మాత్రము తన చిన్న ఊరు అందులో కనబడలేదు. ఆ అసంతృప్తిని ఆయన వ్యాసముగా వ్రాసిరి. ప్రేక్షకుల మెప్పును, రచయిత నొప్పియు రెండును నిజములే.

ఊరు మారినంత మాత్రమున కథ చెడునని అనుకొనరాదు. ప్రేమ్‌చంద్ గారు 'కఫన్' అను కథను 1936 ప్రాంతమున వ్రాసిరి. ఉత్తర దేశపు పల్లెలోని ఒక నిరుపేద తండ్రి, కొడుకుల కథ అది. మృణాల్ సేన్ గారు 1977లో దానిని 'ఒక ఊరి కథ' అను పేరుతో తెలుగున చిత్రముగా తీసిరి. పల్లె మారెను, పేర్లు మారెను, భాష మారెను. ఆకలి మారలేదు. అందుచేతనే అది తెలుగు పల్లె కథ అయినది.

సినిమా చేయు మేలు మరొకటి కలదు. 1951 జనాభా లెక్కల నాటికి మన దేశములో చదువ వ్రాయ నేర్చినవారు నూటికి పదునెనిమిది మంది మాత్రమే. 1953లో తెలుగు 'దేవదాసు' వచ్చెను. శరత్ బాబు వంగభాషలో వ్రాసిన ఆ నవల 1917లో ప్రచురితమైనది. అది అక్షరము రాని కోట్లాది ఇండ్లకు పుస్తకముగా చేరగలిగియుండెడిది కాదు. తెర దానిని చేర్చెను. మా అమ్మకు దేవదాసు, పార్వతి ఎవరో చెప్పినది పుస్తకము కాదు, ఆ చిత్రమే.

నేను పండితుడనై, పిదప ప్రధానోపాధ్యాయుడనైన తరువాత జరిగిన ఒక సంగతి చెప్పి ముగింతును. శ్రీరమణగారు 'మిథునం' అను కథను వ్రాసిరి. చిత్రకారుడు బాపుగారు ముచ్చటపడి ఆ కథనంతయు తమ దస్తూరితో వ్రాసిపెట్టిరి. వృద్ధ దంపతుల కాపురమును గూర్చిన ఆ కథను ఎం. టి. వాసుదేవన్ నాయర్ గారు 2000లో మలయాళ చిత్రముగా తీసిరి. అందులో ఇరుగుపొరుగు, పిల్లలు, మనుమలు పలువురు కనబడుదురు. 2012లో తనికెళ్ళ భరణిగారు తెలుగున తీసిరి. అందులో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యంగారు, లక్ష్మిగారు, ఇద్దరే పాత్రధారులు. కథ ఒక్కటే; ఇండ్లు రెండు.

ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె తెలుగు చిత్రమును తన నాయనమ్మతో చూచి, తరువాత కథను చదివి, ఒక వ్యాసము వ్రాసి తెచ్చెను. "కథలో ఆ దంపతులను చూచి మనకు చెప్పు మనిషి ఒకడున్నాడు. సినిమాలో అతడు లేడు. అతడు కూర్చున్న చోట నన్ను కూర్చోబెట్టినారు" అని అందులో వ్రాసెను. అది చదివి నేను కొంతసేపు కలము క్రింద పెట్టితిని. నాలుగో గోడ చోటున ఎవరుందురో మా నాయనగారు చెప్పినదే ఆ బాలిక తనంత తాను కనుగొన్నది. కథ మేలా, చిత్రము మేలా అని ఆమె వ్రాయలేదు. ఏది మారినదో, మారుటచే ఏమి కలిగినదో వ్రాసినది. ఆ వ్యాసమునకు పూర్తి మార్కులు వేసితిని.

బాలబాలికలారా! అభిప్రాయము చెప్పు హక్కు మీకు కలదు. పెద్ద రచయిత వ్రాసినదైనను, పెద్ద నటుడు నటించినదైనను నచ్చలేదని చెప్పవచ్చును. కాని చెప్పుటకు ముందు పుస్తకమును చివరివరకు చదువుడు. చిత్రమును చివరివరకు చూడుడు. ఏది తీసివేసిరో, ఏది చేర్చిరో, ఎందులకై యుండునో ఆలోచింపుడు. చదువని దానిని చదివితిమని చెప్పకుడు. మీ మాటతో ఏకీభవింపని వానిని, అతని చదువును బట్టి గాని, వేషమును బట్టి గాని తక్కువ చేయకుడు. అతడు మీరెన్నడును చూడని వైపు నుండి ఆ ఇంటిని చూచియుండవచ్చును.

మా నాయనగారు గతించి చాల యేండ్లయినది. ఆయన కట్టిన కోటలలో ఒక్కటియు నిలువలేదు. చిత్రీకరణము ముగిసిన మరునాడే వానిని కూలగొట్టుట ఆయన పనిలో భాగమే. ఏకవీరను మాత్రము నేను నేటికిని రెండు మూడేండ్లకొకసారి చదువుదును. నాడు దాటవేసిన పుటలు వచ్చినప్పుడు, ఎదుట ఎవరును లేకున్నను, పైకి చదువుట నాకు అలవాటైనది.